వాగొడ్డు పిలకలు

గోదావరి వరద లంక మీద నుంచి దిగిపోయేసరికి అక్కడ ఒక్క అరటిచెట్టు కూడా నిలబడి లేదు. కొన్ని నడిమికి విరిగిపోయాయి, ఎక్కువ భాగం దుంపలతో సహా కొట్టుకుపోయాయి. మిగిలినవి నీళ్లలో నాని నాని ముట్టుకుంటే ముద్దగా చేతికి వచ్చాయి. వీరమ్మ మోకాలి లోతు ఒండ్రులో నిలబడి తమ వాటా నేలచెక్కను ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది. ఎక్కడైనా ఒక పిలక బతికి ఉంటుందేమోనని కాలితో తడిమి చూసింది. ఏమీ తగల్లేదు.

వీరమ్మ మా అమ్మమ్మకు అమ్మమ్మ. నేను ఆవిడను చూడలేదు. మా అమ్మమ్మ జ్ఞానమ్మ చిన్నతనంలో ఆవిడ దగ్గరే పెరిగింది గనక ఈ సంగతులన్నీ ఆమె నోటి నుంచే విన్నాను. నేను రాజమండ్రిలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. వీరమ్మకు ఆ ఏడు అంతుపట్టనిది ఏమిటో నాకు పాఠంగా తెలుసు. ఆ ఏడు ఆవిడ పడ్డ భయం ఎలాంటిదో మాత్రం అమ్మమ్మ చెబితేనే తెలిసింది.

1880లు సగం దాటిన రోజులవి. ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన గోదావరి పాయ నడుమ ఉన్న చిన్న లంక అది. ఒడ్డున పేటలో ఉండే క్రైస్తవ కుటుంబాలు కొన్ని కలిసి, మిషను దొరగారి మాటసాయంతో దాన్ని కౌలుకు తీసుకుని కొద్ది కాలమే అయింది. అంతకు ముందు వాళ్లంతా రైతుల పొలాల్లో, తోటల్లో కూలికి వెళ్లేవాళ్లు. ఒకరు పిలిస్తే కాకుండా తమంతట తాము లేచి వెళ్లి పనిచేసుకునే నేల వాళ్లకు ఆ లంకే మొదటిది. అందులో బొంత అరటి వేశారు. కూరకాయ. పాలకొల్లు సంతకు పడవలో వెళ్తే నిలబడిన చోట అమ్ముడుపోయేది.

వీరమ్మ భర్త యెహెజ్కేలుకు అరటి పని బాగా తెలుసు. కానీ ఉబ్బసం మనిషి. వరద రోజుల్లో తడిగుడ్డలతో గట్టు మీద పడుకోవడంతో జబ్బు ముదిరింది. నాలుగడుగులు వేస్తే కూలబడిపోయేవాడు. పిలకల కోసం పేటలో మగవాళ్లు ఒడ్డునున్న మెట్టతోటల రైతుల దగ్గరికి వెళ్లారు. మా తోటలకే చాలవన్నారు కొందరు. ఒకాయన మాత్రం ఉన్నమాట అనేశాడు.

"మీరందరూ తోటలేసుకుంటే మా తోటల్లోకి ఎవర్రా వచ్చేది?"

వట్టి చేతులతో తిరిగొచ్చారు. ఒండ్రు ఆరకముందే ఏదో ఒకటి నాటాలి. నాటకపోతే నేల ఖాళీగా ఉందని లంక ఇంకొకళ్లకు పోతుంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ అందరి మనసుల్లోనూ అదే ఉంది.

అప్పుడు యెహెజ్కేలు ఒక సంగతి చెప్పాడు. పెళ్లికి ముందు కలప తెప్పలు కట్టే పనికి పాపికొండల్లోకి వెళ్లినప్పుడు, కొండవాళ్ల గుడిసెల పక్కన ఇలాంటి బొంత చెట్లే చూశాడట. "అక్కడ దొరుకుతాయి. కానీ నేను పోలేను," అన్నాడు.

అతని తమ్ముడు జీవరాజు వెళ్తానన్నాడు. జీవరాజు బలం ఉన్నవాడు, పనికి వెనకాడేవాడు కాదు, కానీ తొందరమనిషి. ఏ పిలక మంచిదో, ఏది ముదురో చూసే ఓపిక అతనికి లేదు. ఆ చూపు వీరమ్మకుంది. భర్తతో పాటు తోటల్లో వంగి పనిచేసి నేర్చుకుంది.

"ఆడమనిషిని మన్యంలోకి ఎలా పంపుతాం? అక్కడి జ్వరాలు తెలుసు గదా," అన్నారు పేటలో పెద్దలు.

"నేను పోకపోతే ఇక్కడ మాత్రం ఏం తిని బతుకుతామండీ?" అంది వీరమ్మ. చిన్నకూతురు ప్రసన్నకుమారిని అత్తగారి ఒళ్లో పెట్టి, వెనక్కి చూడకుండా రేవుకు నడిచింది.

పడవ పల్లంరాజుది. చేపలు పట్టుకునే మనిషి. ఎండుచేపలు, ఉప్పు పడవలో వేసుకుని ఎగువ ఊళ్లకు తిరిగే అలవాటు ఉంది. ఆనకట్ట దగ్గరి లాకు దాటారు, రాజమండ్రి దాటారు, పోలవరం దాటారు. గాలి ఉన్నచోట తెరచాప ఎత్తేవారు, లేనిచోట జీవరాజు ఒడ్డున నడుస్తూ తాడు లాగేవాడు. రెండు పక్కలా కొండలు దగ్గరకొచ్చి నీళ్లు నల్లబడ్డాక వీరమ్మకు దిగులు పట్టుకుంది. ఇంటి దగ్గర ఆయనకు ఊపిరి ఎలా ఉందో. ఇంత దూరం వచ్చాక పిలకలు లేకపోతే ఏ మొహంతో తిరిగి వెళ్లాలో.

పిలకలు దొరికాయి. ఒక వాలు మీద నాలుగైదు గుడిసెలు, చుట్టూ పోడు కొట్టిన నేల, గుడిసెల వెనక బొంత అరటి గుంపులు. అక్కడి పెద్దాయన పేరు ముసలయ్య. మంచి మనిషి. ఉప్పూ ఎండుచేపలూ తీసుకుని, కావలసినన్ని తవ్వుకోమన్నాడు. వీరమ్మ గెల వేసిన చెట్లను చూసి, వాటి మొదళ్ల దగ్గరి సన్నటి ఆకులున్న కత్తిపిలకలను ఏరి ఏరి తవ్వించింది. రెండో పూటకే ఆ గుంపులు అయిపోయాయి. పడవ సగం కూడా నిండలేదు. పేటలో ఉన్న కుటుంబాలకు అవి ఏ మూలకూ రావు.

"తాతా, ఇంకెక్కడైనా ఉన్నాయా?"

ముసలయ్య దిగువన వాగు వైపు చెయ్యి చూపించాడు. "అక్కడా అరటే ఉందమ్మా. చూసుకో."

వాగొడ్డున దట్టంగా ఉన్నాయి. అదే ఆకు, అదే కాండం. గెల మాత్రం ఒక్క చెట్టుకూ కనపడలేదు. వీరమ్మ కాసేపు తటపటాయించింది. వాన మొదలైంది. "ఇంకా ఏంటి వదినా చూడ్డం, అరటి అరటే గదా," అంటూ జీవరాజు గునపం దింపేశాడు. వానలో తవ్వడం, ఆకులు నరికేయడం, పడవలో కుప్పగా పడేయడం గబగబా జరిగిపోయాయి. పై పిలకలూ వాగు పిలకలూ ఒకే కుప్పలో కలిసిపోయాయి.

తిరుగు ప్రయాణంలో ఒక ఇసుక తిన్నె దగ్గర గంజి కాచుకోవడానికి ఆగారు. ఒడ్డున అడవి అరటి గుంపు ఒకటి ఉంది. పండిన గెల మీద కోతులు కూర్చుని తింటున్నాయి. తింటూ తింటూ ఏదో తుపుక్కున ఊస్తున్నాయి. వీరమ్మ దగ్గరికి వెళ్లి కింద పడ్డ పండొకటి విరిచింది. లోపల గుజ్జు పేరుకు మాత్రమే ఉంది. మిగతాదంతా మిరియాల్లాంటి నల్లటి గట్టి గింజలు. పంటికింద పెడితే పన్ను విరుగుతుంది.

ఆమె తలెత్తి ఆ చెట్టును చూసింది. వాగొడ్డున తవ్విన చెట్లు ఎలా ఉన్నాయో ఇదీ అలాగే ఉంది. బొంత చెట్టు కూడా చూడ్డానికి ఇంచుమించు అలాగే ఉంటుంది.

"పల్లంరాజన్నా," అంది పండు చాపుతూ. "మనం వాగు దగ్గర తవ్వినవి ఇవేనేమో."

పల్లంరాజు పండును చేతిలోకి తీసుకుని చూశాడు. "కొండ అరటి ఇది. కోతులకే గానీ మనుషులకి పనికిరాదు, చెల్లెమ్మా."

ఇక్కడ కాస్త ఆగి ఆ గింజల సంగతి చెప్పాలి. చెట్టయినా జంతువైనా దాని ఒళ్లంతా కంటికి కనపడని కణాలే. ఒక్కో కణంలో సన్నటి పోగులుంటాయి. ఎలా పెరగాలో, ఎలాంటి కాయ కాయాలో ఆ పోగుల్లోనే ఉంటుంది. వీరమ్మ ఆ పండు పట్టుకుని నిలబడిన రోజుల్లోనే జర్మనీలో వాటికి క్రోమోజోములని పేరు పెడుతున్నారు. అవి జట్లుగా ఉంటాయి. కొండ అరటికి జట్టుకు పదకొండు చొప్పున రెండు జట్లు. వరికీ రెండు జట్లే, మనకీ రెండే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. తేనెపట్టులో మగ ఈగకైతే ఒక్క జట్టే ఉంటుంది. చెట్టు గింజ కట్టాలంటే దాని రెండు జట్లూ విడిపోవాలి. పుప్పొడిలోకి ఒక జట్టు, పువ్వు అడుగున ఉండే అండంలోకి ఒక జట్టు. రెండూ కలిస్తే మళ్లీ రెండు జట్ల గింజ.

బొంత అరటికి మూడు జట్లు. ఎప్పుడో, ఏ అడవిలోనో, ఒక పువ్వులో ఆ విడిపోవడం సరిగా జరగక రెండు జట్లూ కలిసే ఉండిపోయాయి. వాటికి మరో చెట్టు పుప్పొడి నుంచి ఇంకొకటి వచ్చి చేరింది. మూడు జట్లను రెండు సమభాగాలు చెయ్యడం కుదరదు. అందుకని పుప్పొడీ పొల్లే, అండమూ పొల్లే. గింజ పడదు. కాయ మాత్రం గింజ కోసం ఎదురుచూడకుండా కండపట్టి పెరుగుతుంది. దాన్నే మనం వండుకు తింటున్నాం. అలాంటి చెట్టుకు పిలకే సంతానం. తల్లికున్న మూడు జట్లూ పిలకకు ఉన్నవున్నట్టు వస్తాయి. కొండ అరటి పిలకకు దాని రెండు జట్లూ అలాగే వస్తాయి. ఆకులు నరికి పడవలో పడేశాక రెండు జట్లదేదో, మూడు జట్లదేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. గెల వేసి, కాయ ఊరి, విరిచి చూస్తే తప్ప తెలియదు. దానికి దాదాపు ఏడాది.

వీరమ్మకు జట్ల సంగతి తెలియదు. ఏడాది సంగతి తెలుసు.

ఆమె పిలకల కుప్ప పక్కన కూర్చుని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. పైన తవ్వినవి ఎర్రమట్టి నేలవి. వాగువి నల్లటి ఇసుకమట్టివి. దుంప వేళ్ల సందుల్లో గోరు పెట్టి గీకి, వచ్చిన మట్టి రంగు చూసి వేరు చేయడం మొదలుపెట్టింది. కానీ వాన చాలా దుంపల్ని కడిగేసింది. ఎర్రమట్టి దొరికినవి ఒక పక్క పెట్టింది. నల్లమట్టి దొరికినవి, ఏ మట్టీ దొరకనివి ఇంకో పక్క పెట్టింది. చీకటి పడేదాకా అదే పని. మర్నాడు మళ్లీ మొదటి నుంచి చూసింది. చూసినకొద్దీ అనుమానం పెరిగింది. ఆ ఎర్రరంగు మట్టిదో, దుంప తుప్పు రంగో కూడా తెలియనంతగా కళ్లు అలిసిపోయాయి.

"వదినా, ఈ మాట పేటలో చెప్పకు," అన్నాడు జీవరాజు. "చెబితే ఒక్కరూ నాటరు. నాటకపోతే లంక పోతుంది."

"చెప్పకపోతే? ఏడాది చాకిరీ చేశాక గింజల కాయలు చేతికొస్తే?"

"అప్పటికి చూద్దాం."

ఆమె మళ్లీ కుప్ప ముందు కూర్చుంది. లాకు దాటి సొంత పాయలోకి వచ్చేదాకా నోట్లో ముద్ద దిగలేదు.

రేవులో పేటంతా ఉంది. పడవ నిండా పిలకలు కనబడగానే ఆడవాళ్లు దేవుడికి స్తోత్రం అన్నారు. పేటలో వాక్యం చెప్పే ఉపదేశి గారు కీర్తన ఎత్తుకున్నారు. యెహెజ్కేలు ఇంకొకరి భుజం పట్టుకుని నిలబడి ఉన్నాడు. వీరమ్మ నేరుగా అతని దగ్గరికి వెళ్లి, చెవిలో సంగతంతా చెప్పింది. అతను రేవులో ఉన్న జనం వైపు చూశాడు.

"చెప్పెయ్," అన్నాడు. "ఇప్పుడే చెప్పెయ్."

చెప్పింది. పాట ఆగిపోయింది. తర్వాత ఒకేసారి అందరూ మాట్లాడారు. కళ్లు నెత్తికెక్కాయా అని ఒకరు, ఆడదాన్ని పంపొద్దని ముందే అన్నాం గదా అని ఒకరు. పేటలో పెద్దవాడు రాజరత్నం చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

"అమ్మాయ్, ఇందులో మంచివని నీకు నమ్మకం ఉన్నవేవి?"

వీరమ్మ ఎర్రమట్టి కుప్ప చూపించింది. "ఇవి మంచివేననుకుంటున్నానండి. ఒట్టు పెట్టమంటే పెట్టలేను. ఆ రెండో కుప్ప మా చెక్కలో వేసుకుంటాం. ఎవరికీ ఇవ్వను."

"మీకు మంచివి ఏమీ వద్దా?"

"వద్దండి."

యెహెజ్కేలు తల వంచుకున్నాడు. అడ్డు చెప్పలేదు. అలా ఎర్రమట్టి పిలకలు మిగతా కుటుంబాలు పంచుకున్నాయి, జీవరాజు వాటాతో సహా. అనుమానం పిలకలన్నీ వీరమ్మ చెక్కలోకి వెళ్లాయి.

అప్పటి నుంచి ఆవిడకు కంటి మీద కునుకు లేదని మా అమ్మమ్మ చెప్పేది. పొద్దున్నే పడవ దాటి లంకలోకి వెళ్లేది. ముందు తన చెక్కకు కాదు, ఎదుటివాళ్ల చెక్కలకు వెళ్లేది. విచ్చుకుంటున్న మొవ్వాకును చూసేది. ఆకు కాడ గాడిలో వేలు పెట్టి చూసేది. కాండం మీద మచ్చలున్నాయా, బూడిద పూసినట్టుందా అని చూసేది. ఒకరోజు అన్నీ బొంతలాగే కనిపించేవి. మర్నాడు అవే చెట్లు కొండ అరటిలా కనిపించేవి. పిలకలు బతికాయి, ఏపుగా పెరిగాయి. అవి పెరిగినకొద్దీ మిగతావాళ్ల మొహాలు విప్పారాయి. ఆమె మొహం మాత్రం కమిలిపోయింది.

గుడిలో ప్రార్థనకు కూర్చుంటే వెనక నుంచి ఎవరో గుసగుసలాడినట్టే ఉండేది. ఎవరైనా "ఏంటి వీరమ్మా, తోట ఎలా ఉంది?" అని మామూలుగా అడిగినా వినపడనట్టు గబగబా నడిచిపోయేది. వంట చేస్తూ చేస్తూ చెయ్యి ఆగిపోయేది. ఒకసారి పిల్ల ఆడుకుంటూ ఎక్కడి నుంచో సీతాఫలం గింజలు తెచ్చి గుమ్మంలో పరిచింది. ఆ నల్లగింజలు చూసి వీరమ్మ పిల్లను చటుక్కున కొట్టింది. వెంటనే ఒళ్లోకి తీసుకుని తనే ఏడ్చింది.

"ఎందుకే అంత బెంగ?" అనేవాడు యెహెజ్కేలు, మాటకూ మాటకూ మధ్య ఆయాసపడుతూ. "తెలిసి చేశామా?"

"తెలియక చేసినా వాళ్ల నోట్లో మట్టే గదా మావా పడేది."

ఎండాకాలం గడిచింది. శ్రావణంలో గోదావరి మళ్లీ ఎర్రబడింది. నీళ్లు లంక అంచు ఎక్కి, మొదటి వరుసల మొదళ్లు తడిపి, అక్కడే ఆగాయి. అందరూ ఒడ్డున నిలబడి చూశారు. ఈ తోటే కొట్టుకుపోతే తన పీడ విరగడవుతుందని ఆ క్షణాన వీరమ్మకు అనిపించిందట. అలా అనిపించినందుకు మళ్లీ భయపడింది. నీళ్లు తీశాయి.

దసరాలు వెళ్లాక వీరమ్మ చెక్కలోనే మొదట పువ్వు దిగింది. ఒకటి కాదు, నీటి వైపు వరసలో చాలా చెట్లు ఒక్కసారే పూశాయి. సాయంత్రాలు గబ్బిలాలు ఆ పువ్వుల చుట్టూ తిరిగేవి. డొప్పలు రాలి, అత్తాలనే కాయల వరసలు బయటపడి, కాయలు వేలెడంత అయ్యేవరకు ఆమె ఓర్చుకుంది. తర్వాత ఓర్చుకోలేకపోయింది. ఒక కాయ తెంచి కత్తితో నిలువునా చీల్చింది.

లోపల వరసలు తీరి గింజలున్నాయి. ఇంకా తెల్లగా, మెత్తగా, అప్పుడే పాలు పోసుకుంటున్న గింజలు. ఇంకో చెట్టు కాయ చీల్చింది. అందులోనూ అంతే. మూడోది చీల్చలేక చతికిలబడిపోయింది.

చెక్క పక్కన పనిచేస్తున్న జీవరాజు వచ్చి, కింద పడ్డ కాయముక్కలు చూశాడు. తన చెక్కలోకి వెళ్లిపోయాడు. మర్నాడు ఆమె లంకలోకి వచ్చేసరికి అతని చెట్లు సగం నేల మీద పడి ఉన్నాయి. అతను గునపంతో దుంపలు పెకలించి గోదాట్లోకి విసిరేస్తున్నాడు.

"జీవరాజూ! ఏం చేస్తన్నావు? నీవి నల్లమట్టివి కావు! నీ చెట్లు ఇంకా పువ్వే వెయ్యలేదు!"

"పువ్వేస్తే ఏమవుద్ది వదినా? నీ చెక్కలో ఏమైందో అదే అవుద్ది." అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇప్పుడు నేల పచ్చిగా ఉంది. మిరప నారు పోసుకుంటే ఈ ఏడైనా గడుస్తుంది. గెలలు చూసుకుంటూ కూర్చుంటే అదీ పోద్ది."

"ఒక్క గెల, ఒక్క గెల వచ్చేదాకా ఆగు."

"నీ మాట విని ఇప్పటికి ఏడాది ఆగాను."

ఆపలేకపోయింది. అతని చెక్కంతా మధ్యాహ్నానికి చదునైపోయింది. అది చూసి మిగతావాళ్లలో కదలిక వచ్చింది. కత్తులు పట్టుకుని ఒకరిద్దరు తమ చెక్కల వైపు నడిచారు. వీరమ్మ పరుగెత్తి రాజరత్నం చెక్క గట్టు మీద అడ్డంగా నిలబడింది. ఆ చెక్కలో ఒక చెట్టు నుంచి అప్పుడే ఎర్రటి పువ్వు తల వంచి బయటికి వస్తోంది.

"అయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను. ఈ ఒక్క చెట్టు కాయ ఊరేదాకా ఎవరూ కత్తి పట్టొద్దని చెప్పండి. ఇదీ గింజదైతే మీరందరూ నరికెయ్యండి, నేనే దగ్గరుండి దుంపలు తవ్వుతాను."

రాజరత్నం ఆ పువ్వును చూశాడు, ఆమెను చూశాడు. "మిరపకు అదును పోతే?"

ఆమె గట్టు మీద నుంచి పక్కకు తప్పుకోలేదు.

"సరేనమ్మా," అన్నాడు ఆయన. "ఆగుతాం. ఇక నీమీద కాదు, ప్రభువు మీద భారం వేసి ఆగుతాం."

ఆ రోజుల్లో వీరమ్మ తిన్నదేమిటో, ఎప్పుడు పడుకున్నదో ఇంట్లో ఎవరికీ తెలియదు. పగలంతా ఆ ఒక్క చెట్టు దగ్గర ఉండేది. గాలి ఎక్కువైతే కాండానికి వెదురు పోటు పెట్టేది. పువ్వు డొప్ప ఒక్కొక్కటీ రాలుతుంటే ఏరి పక్కన పెట్టేది. అత్తాలు బయటపడ్డాయి. కాయలు కొంచెం కొంచెంగా వంపు తిరిగాయి. తన చెక్కలో కాయలు ఎంత పొడవున్నప్పుడు గింజ కనపడిందో వేలితో కొలిచి గుర్తుపెట్టుకుంది. ఈ కాయలు ఆ కొలతకు వచ్చాయి. చెయ్యి వెయ్యలేదు. ఇంకాస్త ఊరనిద్దాం అనుకుంది. నిజానికి భయం. రోజూ రేపు అనుకునేది.

చివరికి రాజరత్నమే వచ్చాడు. వెనక పేటవాళ్లున్నారు. యెహెజ్కేలును కూడా పడవలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు.

"ఇక చాలమ్మా. కొయ్యి."

ఆమె కాయ తెంచింది. కత్తి దిగుతుంటే కాయ జారిపోయింది. యెహెజ్కేలు దాన్ని తీసుకుని, గట్టు మీద కూర్చుని, రెండుగా చీల్చి చూపించాడు. తెల్లటి కండ. నడుమ చీమతలకాయల్లాంటి నల్లచుక్కలు, ప్రతి బొంత కాయలోనూ ఉండేవే. గింజ లేదు. ఇంకో అత్తం నుంచి ఇంకొకటి కోశాడు. అందులోనూ లేదు. ఎవరో ఒక ముక్క నోట్లో వేసుకుని, పచ్చికాయ వగరుకు మొహం చిట్లించి, "బొంతేరా!" అని అరిచారు.

వీరమ్మ నవ్వలేదు. ఏడవలేదు. గట్టు పక్కన పడుకుని నిద్రపోయింది. లేపినా లేవలేదట. పొద్దు వాలాక పడవలో ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్లారు.

తర్వాత ఒక్కొక్క చెక్కా గెలలేసింది. ఆమె ఎర్రమట్టి అంచనా చాలావరకు సరిపోయింది. అక్కడక్కడ ఒక్కో కొండ అరటి బయటపడితే పీకేశారు. అనుమానం కుప్పలో మాత్రం మంచివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. ఆ ఏడు పేటలో అందరి ఇళ్లలోనూ పొయ్యి వెలిగింది. వీరమ్మ ఇంట్లో, జీవరాజు ఇంట్లో మాత్రం కష్టంగా గడిచింది. జీవరాజు మిరప నారు అదును తప్పి కుళ్లిపోయింది. అతను అన్నగారి గుమ్మం తొక్కడం మానేశాడు. ఎదురుపడితే దారి మార్చుకునేవాడు.

రాజరత్నం తన చెక్కలో ఎన్ని పిలకలు కావాలంటే అన్ని తవ్వుకోమన్నాడు. బొంత చెట్టుకు పిలకలకు కరువు లేదు. ఒక్క తల్లిదుంప బతికితే లంకంతా మళ్లీ నాటుకోవచ్చు. వీరమ్మ రెండు చెక్కలకు సరిపడా తవ్వింది. ముందు జీవరాజు చెక్కలోకి మోసుకెళ్లి గోతులు తవ్వడం మొదలుపెట్టింది. అతను గట్టు మీద నుంచి చూశాడు. కాసేపటికి వచ్చి ఆమె చేతిలో గునపం తీసుకున్నాడు.

"నేనే నీ మాట వినుంటే..." అన్నాడు.

"ఎవరు చూసొచ్చారు జీవరాజూ? నా చెక్కలో కాయ కోసినప్పుడు నేనూ అన్నీ పోయాయనే అనుకున్నాను," అంది ఆమె. "గొయ్యి ఇంకాస్త లోతు తియ్యి."

అంతటితో భయం పోయి ఉంటే బాగుండేది. రెండేళ్ల తర్వాత పాలకొల్లు సంతలో ఆమె దగ్గర కాయలు కొన్న ఒకావిడ మరుసటి సంతకు తిరిగొచ్చింది. "ఏంటమ్మా, నీ కాయలో గింజొచ్చింది," అని ఒక నల్లగింజ అరచేతిలో పెట్టింది. ఒక్కటే గింజ. వీరమ్మ గంప ముందుకు లాక్కుంది. మిగిలిన కాయలన్నీ అక్కడికక్కడే చీల్చి చూసింది. ఇంకెక్కడా లేదు. కాయలన్నీ పాడుచేసుకుని ఇంటికొచ్చింది.

ఇది నాకు అర్థమవుతుంది. మూడు జట్ల చెట్టులో కూడా ఎప్పుడో ఒకసారి, లక్షల్లో ఒక అండానికి, పంపకం కలిసొస్తుంది. ఆ సమయానికి దగ్గరలో రెండు జట్ల చెట్టు పుప్పొడి ఉండి, ఏ గబ్బిలమో దాన్ని మోసుకొస్తే గింజ పడుతుంది. లంక అంచున ఆకుల కోసమని వీరమ్మ కొండ అరటి గుంపు ఒకటి ఉంచేసింది. ఆమెకు పుప్పొడి సంగతి తెలియదు. భయం కొద్దీ ఆ గుంపును దుంపలతో సహా తవ్వించి దూరంగా ఇసుకలో ఎండబెట్టించింది. ఆ తర్వాత గింజ వచ్చిందని ఎవరూ చెప్పలేదు. అయినా ఆమె సంతలో కూర్చున్నప్పుడు అంతకుముందు కొన్నవాళ్లు ఎవరైనా తన వైపు నడిచొస్తుంటే ముందే ఒక కాయ చీల్చి చూసుకునేదట.

యెహెజ్కేలు ఉబ్బసంతోనే మరికొన్నేళ్లు బతికాడు. ఆయన పోయాక జీవరాజే రెండు చెక్కలూ చూసుకున్నాడు. కొత్త శతాబ్దం వచ్చేసరికి గోదావరి పాయ మారి లంకను తూర్పు వైపు నుంచి కోయడం మొదలుపెట్టింది. ఏటా ఒక వరస నీళ్లలోకి జారేది. పేటవాళ్లు పిలకలు తవ్వుకుని దిగువన కొత్తగా లేచిన మరో లంకకు మారారు. వీరమ్మ మాత్రం కూతురు ప్రసన్నకుమారి ఇంటికి, పాలకొల్లు దగ్గరికి వచ్చేసింది. అక్కడే మా అమ్మమ్మను పెంచింది. ఆ ఇంటి వెనక కాలవగట్టున బొంత చెట్లు నాలుగు ఉండేవట. కూరకు కాయ కొయ్యమంటే వీరమ్మ అమ్మమ్మకు కత్తి ఇచ్చేది కాదు. తనే కోసి, చీల్చి, కాసేపు వెలుగులో పట్టి చూసి, ఆ తర్వాత పొయ్యి మీద గిన్నె పెట్టేది.